లేఅవుట్ మీద కొండ: అట్ట, థర్మోకోల్, పీఓపీ, గుజ్జు... ఏది ఎవరికి నప్పుతుంది?

మోడల్ రైల్వే అంటే బల్ల మీద బుల్లి పట్టాలు, రైళ్లు, ఊళ్లు కట్టుకునే సరదా; అలా కట్టిన బల్ల మొత్తాన్నీ లేఅవుట్ అంటారు. ఇది మొదలుపెట్టిన వాళ్లందరికీ పట్టాలు పరిచి, వైర్లు కలిపి, రైలు నాలుగు రౌండ్లు తిరిగాక ఒకటే ప్రశ్న వస్తుంది. కొండ దేనితో కట్టాలి? విదేశాల నుంచి వచ్చే సీనరీ సరుకు కొంటే ఒక ఇంజన్‌కు పెట్టాల్సిన డబ్బు కొండకే అయిపోతుంది. అంత అవసరం లేదు. తిరుపతిలో పాత పేపర్ల కొట్టు, హార్డ్‌వేర్ షాపు, మెడికల్ షాపు, కోత మిల్లు తిరిగితే దొరికే సరుకుతోనే చూడచక్కని కొండ లేస్తుంది.

చిక్కంతా ఎంచుకోవడంలోనే ఉంది. ఒకరు థర్మోకోల్ అంటారు, ఇంకొకరు ప్లాస్టర్ తప్ప ఏదీ నిలవదంటారు, మరొకరు పాత పేపర్లు చాలంటారు. ఎవరి మాటా అబద్ధం కాదు. వాళ్ల గదికి, వాళ్ల కొండకు అది కుదిరింది. మీకు కుదురుతుందా అన్నదే తేల్చుకోవాలి. ధరను బట్టి తేల్చలేం, ఎందుకంటే ఇవన్నీ చవకైనవే. తేడా మిగతా విషయాల్లో ఉంది.

## మీరు కడుతున్నది ఏ కొండ?

చాలామంది ఈ ప్రశ్న వేసుకోకుండానే సరుకు కొనేస్తారు. నా లెక్కలో అన్నిటికన్నా ముందు వేసుకోవాల్సింది ఇదే. మన ప్రాంతంలో రెండు రకాల కొండలున్నాయి, రెండింటి రాయీ వేరు, ఆకారమూ వేరు.

మొదటిది శేషాచలం. రేణిగుంట నుంచి తిరుపతి వస్తూ రైలు కిటికీలోంచి ఉత్తరం వైపు చూడండి. పైభాగం నిటారుగా, గోడ కట్టినట్టు, ఎర్రగా ఉంటుంది. ఆ గోడలో అడ్డంగా గీతలు, పొరలు కనిపిస్తాయి. అది క్వార్ట్‌జైట్ రాయి. కొండ శిఖరం కోసుగా ఉండదు, దాదాపు చదునుగా సాగిపోతుంది. గోడ కింద మాత్రం వాలు మెత్తబడి, రాళ్లు, పొదలు కప్పిన నేల కనిపిస్తుంది. తిరుమల ఘాట్ రోడ్డులో ఎపార్కియన్ అన్‌కన్‌ఫార్మిటీ అని భూగర్భ శాఖవాళ్లు గుర్తించిన చోటు ఉంది కదా, అక్కడ అడుగున పాత గ్రానైట్, దాని మీద ఈ పొరల క్వార్ట్‌జైట్ కూర్చుని ఉన్నాయి. రెండింటి మధ్య కోట్ల సంవత్సరాల ఖాళీ. లేఅవుట్ కట్టేవాళ్లకు ఇందులో పనికొచ్చే సంగతి ఏమిటంటే, కొండ కింది సగం ఒక తీరు, పై సగం ఇంకో తీరు. రెండూ ఒకే సరుకుతో చేస్తే ఏదో ఒక సగం తేలిపోతుంది.

రెండోది గ్రానైట్ గుట్ట. పాకాల దాటి, ఒకప్పుడు మీటర్ గేజ్‌గా ఉన్న ధర్మవరం లైన్‌లో వెళ్తుంటే రెండు వైపులా కనిపించేవి ఇవే. గుండ్రటి బండలు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి. పొరలు ఉండవు, అడ్డగీతలు ఉండవు. వాన నీళ్లు కారిన చోట నల్లటి చారలు మాత్రం నిలువుగా కనిపిస్తాయి. చిత్తూరు చుట్టుపక్కల మామిడి తోటల వెనక నిలబడేవి కూడా ఎక్కువగా ఈ రకం గుట్టలే.

పొరల గోడకు పలకలు పేర్చే సరుకు కావాలి. గుండ్రటి బండలకు ముద్ద చేసి ఒత్తే సరుకు కావాలి. ఈ ఒక్క మాట పట్టుకుంటే సగం ఎంపిక అయిపోయినట్టే.

ఎత్తు గురించి కూడా ముందే ఒక మాట. కొండకింద తిరుపతికీ పైన తిరుమలకీ ఎత్తులో తేడా దాదాపు 700 మీటర్లు. హెచ్ఓ స్కేలు అంటే 1:87, అసలు దాంట్లో 87వ వంతు. ఆ లెక్కన అసలు కొండ కట్టాలంటే 8 మీటర్ల ఎత్తు కావాలి. ఎన్ స్కేలులో, అంటే 1:160లో కట్టినా 4 మీటర్లు దాటుతుంది. కాబట్టి ఎవరు కట్టినా కుదించి కట్టాల్సిందే. హెచ్ఓలో రైలు పెట్టె ఎత్తు 5 సెంటీమీటర్లకు కాస్త తక్కువ. దాని వెనక 40, 45 సెంటీమీటర్ల కొండ నిలబెడితే కంటికి పెద్ద కొండలాగే ఆనుతుంది. వెనక గోడ మీద దూరపు కొండల వరసను లేత నీలం బూడిద రంగులో గీస్తే ఆ ఎత్తు ఇంకా పెరిగినట్టుంటుంది.

## మిగతా కొలబద్దలు

బరువు. లేఅవుట్ మేడమీద గదిలో శాశ్వతంగా ఉండబోతోందా? అద్దె ఇంట్లో మంచం కిందకు తోసేదా? స్కూలు ఎగ్జిబిషన్‌కు ఆటోలో తీసుకెళ్లేదా? కదిలే లేఅవుట్‌కు బరువే మొదటి శత్రువు. బరువుతో పాటు పగుళ్లు కూడా వస్తాయి.

ఆరడం. తిరుపతిలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వాన. ఆ నెలల్లో తడి కాగితం ఆరదు, బూజు పడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో దీనికి పూర్తిగా తిరగబడుతుంది. ఆ ఎండకు కాగితం ఒక్క పూటలో గట్టిపడుతుంది, కానీ పలచటి ప్లాస్టర్ సరిగ్గా గట్టిపడకముందే నీళ్లు ఆవిరైపోయి పొడిపొడిగా మిగులుతుంది.

మురికి. ప్లాస్టర్ తెల్లగా అంతటా పరుచుకుంటుంది. థర్మోకోల్ కోస్తే చిన్న చిన్న గింజలు ఫ్యాన్ గాలికి ఇల్లంతా తిరుగుతాయి. ఇంట్లోవాళ్ల సహనం కూడా ఒక కొలబద్దే.

చెయ్యి దూరడం. కొండ లోపల సొరంగం పెడితే రైలు అక్కడే పట్టాలు తప్పుతుంది, బయట తప్పదు. కొండ వెనక నుంచో పైనుంచో చెయ్యి పట్టే దారి ఉండాలి, లేదంటే కొండ మొత్తం ఎత్తి పక్కన పెట్టేలా ఉండాలి. ఎత్తి పెట్టేలా చేయాలంటే తేలిక సరుకే దిక్కు.

| సరుకు | ఖర్చు | బరువు | ఆరే సమయం | మురికి | నప్పే కొండ |
|---|---|---|---|---|---|
| అట్ట చట్రం, కాగితం పొరలు | దాదాపు లేదు | చాలా తక్కువ | ఒకటి రెండు రోజులు, వానల్లో ఇంకా ఎక్కువ | తక్కువ | కింది వాలు, మెత్తటి గుట్టలు |
| థర్మోకోల్ పలకలు | ప్యాకింగ్‌ది అయితే ఉచితం | అన్నిటికన్నా తక్కువ | జిగురు ఆరడానికే సమయం | గింజలు ఎగురుతాయి | శేషాచలం పొరల గోడ |
| పీఓపీ, గుడ్డ | తక్కువ | ఎక్కువ | అరగంటలో గట్టిపడుతుంది | ఎక్కువ | రెండింటికీ, ముఖ్యంగా గ్రానైట్ |
| ఇనుప జాలి మీద ప్లాస్టర్ | కాస్త ఎక్కువ | చాలా ఎక్కువ | అరగంట | ఎక్కువ | కదలని పెద్ద కొండ |
| కాగితం గుజ్జు | దాదాపు లేదు | మధ్యరకం | రెండు మూడు రోజులు | మధ్యరకం | గుండ్రటి బండలు |

ఈ పట్టిక చూసి ఒక్కదాన్నే పట్టుకోవద్దు. మంచి కొండలన్నీ రెండు సరుకుల కలయికే. అయినా ఒక్కొక్కదాని గుణం విడిగా తెలియాలి.

## అట్ట చట్రం, కాగితం పొరలు

అట్టపెట్టెను రెండు సెంటీమీటర్ల వెడల్పు పట్టీలుగా కోసి, నిలువు పట్టీలు, అడ్డ పట్టీలు అల్లినట్టు పెట్టి, కలిసిన ప్రతి చోటా హాట్ గ్లూ చుక్క పెడితే ఒక బోలు చట్రం వస్తుంది. కొండ ఆకారం ఇక్కడే కనిపించేస్తుంది. నచ్చకపోతే పట్టీ పీకి వంచి మళ్లీ అతికించవచ్చు. సరిదిద్దుకునే ఈ వీలు ఇంకే సరుకులోనూ లేదు, అందుకే మొదటి కొండ కట్టేవాళ్లకు నా సలహా ఎప్పుడూ ఇదే.

దాని మీద పేపర్ ముక్కలు చింపి, పలచన చేసిన ఫెవికాల్‌లోనో మైదా జిగురులోనో ముంచి మూడు నాలుగు పొరలు వేయాలి. ముక్కలను కత్తిరించకుండా చింపాలి. చింపిన అంచు పక్క ముక్కలో కలిసిపోతుంది, కత్తిరించిన అంచు గీతలా తేలుతుంది. ఒక పొర తెలుగు పేపరు, తర్వాతి పొర ఖాళీ బ్రౌన్ పేపరు వేస్తే ఎక్కడ ఎన్ని పొరలు పడ్డాయో తెలుస్తుంది.

మైదా జిగురు చవక, కానీ బొద్దింకలకూ పురుగులకూ అది భోజనం. పుస్తకాల బైండింగ్ చేసేవాళ్లు అందుకే మైదా ఉడికేటప్పుడు కాస్త మైలుతుత్తం కలుపుతారు. అది విషం. చిన్నపిల్లలున్న ఇంట్లో దాని జోలికి పోకుండా ఫెవికాల్ వాడడమే మంచిది.

ఈ పద్ధతి లోపం రాతి గోడ దగ్గర బయటపడుతుంది. కాగితం మెత్తగా వంగుతుంది, గట్టి అంచు ఇవ్వదు. శేషాచలం గోడను దీనితో చేస్తే దుప్పటి కప్పినట్టు ఉంటుంది. వాలు నేలకూ, పొదలూ గడ్డీ కప్పబోయే చోటికీ ఇంతకన్నా మంచిది లేదు.

## థర్మోకోల్

ఫ్రిజ్, టీవీ, వాషింగ్ మెషీన్ వచ్చిన పెట్టెల్లోని తెల్ల దిమ్మలు ఎలక్ట్రానిక్స్ షాపుల వెనక పడి ఉంటాయి. అడిగితే ఇచ్చేస్తారు. అలంకరణకు వాడే థర్మోకోల్ మీద దేశమంతటా 2022 జూలై 1 నుంచి నిషేధం ఉంది, కాబట్టి ప్యాకింగ్‌లో వచ్చి చెత్తకు పోయేదాన్ని వాడుకోవడమే అన్ని విధాలా సబబు.

థర్మోకోల్‌లో 98 శాతం గాలే. ఎంత పెద్ద కొండయినా రెండు వేళ్లతో ఎత్తవచ్చు. శేషాచలం గోడకు ఇది పుట్టినిల్లు. రెండు మూడు సెంటీమీటర్ల పలకలను ఒకదాని మీద ఒకటి పేర్చి, ముందు అంచులను నిటారుగా, అక్కడక్కడా ఒక పలక లోపలికి, ఇంకొకటి బయటికి వచ్చేలా విరిస్తే పొరల రాయి దానంతటదే వస్తుంది. నున్నగా కోయకుండా చేత్తో విరవండి. విరిగిన అంచులోని గరుకుతనం లప్పం (గోడలకు పూసే పుట్టీ) పూశాక అచ్చం రాతిలా మారుతుంది. పలక మందాలు కూడా మారుస్తూ ఉండాలి. అన్నీ ఒకే మందం అయితే మెట్లలా కనిపిస్తుంది.

జాగ్రత్తలు కొన్ని ఉన్నాయి. స్ప్రే పెయింట్, బూట్ల దుకాణంలో వాడే రబ్బరు జిగురు, టర్పెంటైన్ కలిసిన రంగులు థర్మోకోల్‌ను కరిగించేస్తాయి. ఫెవికాల్, నీళ్లతో కలిపే రంగులు మాత్రమే వాడాలి. రెండు పలకల మధ్య ఫెవికాల్ మొత్తం పూస్తే గాలి తగలక వారమైనా తడిగానే ఉంటుంది. చుక్కలుగా పెట్టి, వెదురు పుల్లలు గుచ్చి బిగించండి. వేడి తీగతో కోస్తే అంచు బాగా వస్తుంది కానీ వచ్చే పొగ ఊపిరికి మంచిది కాదు. కిటికీలు తెరిచిన గదిలోనో డాబా మీదో కోయాలి. మంటకు దూరంగా పెట్టడం, లేఅవుట్ వైర్ల జాయింట్లు దీనికి తగలకుండా చూడడం తప్పనిసరి. చీమలు కూడా దీన్ని తొలిచి గూడు పెడతాయి. అందుకే ఎక్కడా తెల్ల భాగం బయట ఉండకూడదు. అడుగు, వెనక భాగంతో సహా పేపరు అతికించేయాలి.

## పీఓపీ, గుడ్డ

ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్ అంటే జిప్సం రాయిని కాల్చి నీటిని పోగొట్టిన పొడి. నీళ్లు కలపగానే మళ్లీ జిప్సం అయి గట్టిపడుతుంది. అలా మారేటప్పుడు వేడి పుడుతుంది. కాబట్టి పిల్లలు సరదాగా చేతులు అందులో ముంచి ఉంచకుండా చూసుకోవాలి, కాలుతుంది.

రెండు దారులున్నాయి. మెడికల్ షాపులో విరిగిన ఎముకలకు కట్టే పీఓపీ బ్యాండేజ్ దొరుకుతుంది. ముక్కలు కోసి నీళ్లలో ముంచి చట్రం మీద పరిస్తే చాలు. శుభ్రంగా, వేగంగా అయిపోతుంది, కానీ పెద్ద కొండకు ఖర్చు పెరుగుతుంది. రెండోది, హార్డ్‌వేర్ షాపులో పొడి కొని పాత పలచటి నూలు గుడ్డను, చిరిగిన పంచెనో చీరనో, అందులో ముంచి పరచడం. ఇదే చవక. ఒక పాలు నీళ్లకు దాదాపు రెండు పాళ్లు పొడి. నీళ్లలో పొడి వేయాలి గానీ పొడిలో నీళ్లు పోయకూడదు, ఉండలు కడుతుంది. దోసెపిండి జారుడు వచ్చాక ఆపండి. ఒకసారికి చిన్న గిన్నెడే కలపాలి, గట్టిపడడం మొదలయ్యాక నీళ్లు పోసి మళ్లీ పలచన చేస్తే బలం పోతుంది. పాత గిన్నెలో అంటుకున్న గట్టి ముక్కలు కొత్త ముద్దలో పడితే అది ఇంకా తొందరగా బిగుసుకుంటుంది.

కలిపేటప్పుడే గోధుమ రంగు స్టెయినర్ (డిస్టెంపర్‌లో కలిపే చిక్కటి రంగు) నాలుగు చుక్కలు వేయడం మరవకండి. ఎప్పుడో ఒకప్పుడు కొండ అంచు చిట్లుతుంది. లోపల తెల్లగా ఉంటే దూరం నుంచే కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. మిగిలిన ప్లాస్టర్ నీళ్లు సింకులో పోయకూడదు, పైపులోనే బిగుసుకుంటుంది.

దీని అసలు బలం రాతి ముఖాలు. అల్యూమినియం ఫాయిల్‌ను నలిపి, సగం విప్పి, అందులో ప్లాస్టర్ పోసి, అది వెన్నలా బిగిసే వేళకు చట్రం మీద ఒత్తి పట్టుకుంటే, ఆరాక ఫాయిల్ లాగేస్తే ముడతలన్నీ రాతి పగుళ్లుగా దిగుతాయి. ఒక్క ఫాయిల్ ముక్కను తిప్పి తిప్పి వాడినా ప్రతిసారీ కొత్త రాయి వస్తుంది. చిన్న చిన్న గుండ్రటి అచ్చుల్లో పోసి, సగం గట్టిపడ్డాక చాకుతో మూలలు చెక్కితే గ్రానైట్ బండలు కూడా సిద్ధం.

బరువు మాత్రం దాచలేనిది. ఆటోలో నాలుగు స్పీడ్ బ్రేకర్లు ఎక్కి దిగేసరికి పలచటి ప్లాస్టర్ కొండ పగులుతుంది. మేడమీద గదిలో కదలకుండా ఉండే లేఅవుట్‌కే ఇది ఎంచుకోండి. నడివేసవిలో వేస్తే మొదటి గంట తడి గుడ్డ కప్పడమో నీళ్లు చల్లడమో చేయండి.

ఇనుప జాలి మీద ప్లాస్టర్ పద్ధతి గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. కోళ్ల గూళ్లకు వాడే జాలి బలమైనదే, కానీ అంచులు చేతులు కోస్తాయి, బరువు అన్నిటికన్నా ఎక్కువ, తెగిన తీగ ముక్క పట్టాల మీద పడితే షార్ట్ అవుతుంది. గది నిండా లేఅవుట్ కడుతున్నవాళ్లు తప్ప మిగతావాళ్లు వదిలేయవచ్చు.

## కాగితం గుజ్జు

పాత కాగితాలు నానబెట్టి, మెంతులు కలిపి రుబ్బి, బుట్టలకూ చేటలకూ పూయడం మన అమ్మమ్మల కాలం నుంచి ఉన్న పని. ఆ గుజ్జే ఇక్కడా పనికొస్తుంది. పేపర్లు ఒక రాత్రి నానబెట్టి, మిక్సీలో తిప్పి, నీళ్లు పిండి, ఫెవికాల్, కాస్త లప్పం కలిపితే చేత్తో ఒత్తుకునే ముద్ద తయారవుతుంది. కొండపల్లి బొమ్మలవాళ్లు చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపి మక్కు చేస్తారు. ఆ రెండూ మన దగ్గర కొదవ లేనివే. మక్కులాంటి ముద్ద చిన్న బండలకు, పలకల మధ్య సందులు పూడ్చడానికి బాగా కుదురుతుంది.

గుజ్జుతో కొండ మొత్తం కట్టాలనుకోవద్దు. మందంగా వేస్తే లోపల ఆరదు, ఆరుతూ కుంచించుకుపోయి పగుళ్లు వస్తాయి, వానాకాలంలో వాసన కూడా వస్తుంది. అర సెంటీమీటరు మించకుండా పైపూతగా వాడితే ఇది అద్భుతమైన సరుకు. గ్రానైట్ గుట్టలు చేసేవాళ్లకు అట్ట చట్రం మీద కాగితం, దాని మీద గుజ్జు బండలు... ఇంతకు మించిన చవక జోడీ నాకు తెలియదు.

అసలు రాళ్లే పెట్టేస్తే? చిన్న లేఅవుట్‌లో ఒకటి రెండు అందంగానే ఉంటాయి. కానీ స్కేలుకు రాయి గరుకు పెద్దదిగా కనిపిస్తుంది, బరువు చెప్పనక్కర్లేదు. ఇంకో ముఖ్యమైన మాట, శేషాచలం రిజర్వు అడవి. అక్కడి నుంచి రాయి, పుల్ల, మట్టి ఏదీ తీసుకురాకూడదు. పెరట్లోనో ఇల్లు కడుతున్న చోటో దొరికేది చాలు.

## శేషాచలం కడుతుంటే నా ఎంపిక

కింది వాలుకు అట్ట చట్రం, కాగితం. దాని నడుము నుంచి పైకి థర్మోకోల్ పలకల గోడ. రెండూ కలిసే చోట గుజ్జుతో చిన్న బండలు, పైనుంచి రాలి పడినట్టు. అసలు కొండ మీద గోడ అడుగున అలాగే రాళ్లు పోగుపడి ఉంటాయి. గోడ మొత్తానికి పలచటి లప్పం ఒక పూత వేసి, అది పచ్చిగా ఉండగానే పాత టూత్‌బ్రష్‌తో అడ్డంగా లాగితే సన్న పొరలు పడతాయి.

రంగుకు ఖరీదైన ట్యూబులు అక్కర్లేదు. తెల్ల డిస్టెంపర్‌లో ఎర్ర, పసుపు స్టెయినర్లు కలిపి ముందు లేత ఇటుక రంగు వేయండి. జాజు దొరికితే ఇంకా మంచిది, ఆ ఎరుపులో మన నేల రంగే ఉంది. ఆరాక నల్ల రంగు బాగా నీళ్లు చేసి పైనుంచి కారనివ్వాలి, పగుళ్లలో దిగి నీడలు ఏర్పడతాయి. చివర్లో దాదాపు పొడిగా ఉన్న బ్రష్‌తో లేత రంగు అంచుల మీద మాత్రమే తాకించాలి. గ్రానైట్‌కు ఎరుపు తగ్గించి బూడిద రంగు మూలంగా పెట్టుకుని, నల్ల చారలు నిలువుగా ఇవ్వండి.

## నేల, చెట్లు, ఏరు

ఇక్కడ ఎంపిక తేలిక. ఎర్రమట్టిని పెనం మీద వేయించి పురుగు చంపి, టీ వడకట్టులో జల్లించి, పలచన ఫెవికాల్ మీద చల్లితే నేల సిద్ధం. ఫెవికాల్ నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ ఒక్క చుక్క వేస్తే మట్టి మీద ముత్యాల్లా నిలవకుండా లోపలికి ఇంకుతుంది. ముందుగా ఆ మట్టిలో అయస్కాంతం తిప్పి ఇనుప రజను తీసేయాలి. పట్టాల పక్క చల్లిన మట్టిలోని ఇనుము ఇంజన్ మోటారులోకి చేరితే కష్టం.

గడ్డికి రంపపు పొట్టా, స్పాంజి పొడా అంటే, ఎండిన నేల చూపించాలంటే పొట్టు, వానల తర్వాతి పచ్చదనం కావాలంటే మిక్సీలో పొడి చేసిన స్పాంజి. రెండింటికీ స్టెయినర్లతోనే రంగు పట్టించవచ్చు. మన కొండలు ఏడాదిలో చాలా నెలలు గోధుమ రంగులోనే ఉంటాయి, కాబట్టి పచ్చదనం తగ్గించి వేస్తేనే మన కొండ అనిపిస్తుంది. ఎండుగడ్డి దుబ్బులకు కొబ్బరి పీచు కత్తిరించి గుచ్చితే చాలు. మామిడి తోటకు గిన్నెలు తోమే పచ్చ స్క్రబ్బర్ చింపి గుండ్రంగా చేసి వరసల్లో పెట్టండి. కొండ మీద చెట్లకు ఎండిన గోరింట పుల్లలు సన్నటి కొమ్మలతో సహా పనికొస్తాయి. వెనక వరసలో చిన్న చెట్లు, ముందు పెద్దవి పెడితే దూరం పెరుగుతుంది.

ఏరు చేయడానికి చాలామంది రెసిన్ కొంటారు. స్వర్ణముఖి చేస్తున్నవాళ్లకు ఆ ఖర్చే లేదు. ఏడాదిలో ఎక్కువ కాలం అది ఇసుకే. జల్లించిన సన్న ఇసుక, మధ్యలో వార్నిష్ రెండు పూతలు వేసిన సన్నని నీటి పాయ, ఒడ్డున కాసిని పొదలు. కపిలతీర్థం జలపాతం పెట్టాలనుకుంటే పారదర్శక సిలికోన్‌ను ప్లాస్టిక్ షీటు మీద నిలువు చారలుగా లాగి, ఆరాక ఊడదీసి గోడకు అతికించడం ఉత్తమం. దూది వాడితే దుమ్ము పట్టి నల్లబడుతుంది.

## ఎవరికి ఏది?

అద్దె గదిలో ఉండే స్టూడెంట్లకు థర్మోకోల్, కాగితం జంట. ఇల్లు మారేటప్పుడు కొండను విడిగా ఎత్తి తీసుకెళ్లవచ్చు. ఓనరు గచ్చు మీద ప్లాస్టర్ మరకలు పడవు.

చిన్నపిల్లలున్న ఇంటికి అట్ట, కాగితం, ఫెవికాల్. పిల్లలే పొరలు వేస్తారు. వేడి తీగ, మైలుతుత్తం, ప్లాస్టర్ పొడి ఆ ఇంట్లోకి రానివ్వకండి. హాట్ గ్లూ పని పెద్దవాళ్లు చేసి ఇవ్వాలి.

దసరాకో సంక్రాంతికో బొమ్మల కొలువులో రైలు పెట్టేవాళ్లకు కొండ కొద్ది రోజులకే కావాలి. ఆవాలు, రాగులు మొలకెత్తించి పచ్చదనం చూపించే పాత పద్ధతి అక్కడ చక్కగా ఉంటుంది, కానీ ఆ తడి మట్టి పళ్లాలను పట్టాలకు జానెడు దూరంలో పెట్టండి. తేమకు పట్టాలు తుప్పు పడితే ఇంజన్ ఆగి ఆగి నడుస్తుంది. కొండకు ఖాళీ అట్టపెట్టెల మీద తడిపి నలిపిన బ్రౌన్ పేపరు చాలు.

స్కూలు ఎగ్జిబిషన్‌కు తీసుకెళ్లేది అయితే ప్లాస్టర్ వద్దు. ఎన్ స్కేలువాళ్లకు కూడా థర్మోకోల్ పలకలే మేలు, కాకపోతే పలక మందం ఒక సెంటీమీటరుకు తగ్గించాలి. మనిషి ఎత్తు ఆ స్కేలులో సెంటీమీటరే కదా, మందపు పొరలు పక్కన రైలును బొమ్మలా చేసేస్తాయి.

సొంత గది, కదలని బల్ల ఉన్నవాళ్లు పీఓపీకి వెళ్లండి. దాని రాతి ముఖాలకు సాటి ఇంకోటి లేదు. బల్ల కాళ్లు, అడుగున అడ్డకర్రలు ముందే గట్టిగా వేయించుకోండి.

సొరంగం పెట్టేవాళ్లు ఎవరైనా సరే, కొండ కట్టకముందే మీ దగ్గరున్న అతి పొడవాటి పెట్టెతో కొలవాలి. ఎల్‌హెచ్‌బీ కోచ్ (ఇప్పటి ఎక్స్‌ప్రెస్ రైళ్ల పొడవాటి పెట్టె) హెచ్ఓలో దాదాపు 27 సెంటీమీటర్లు. మలుపులో దాని నడుము లోపలికి, చివరలు బయటికి వస్తాయి. ఆ పెట్టె పక్కన పెన్సిల్ కట్టి మలుపంతా తిప్పితే బల్ల మీద గీత పడుతుంది. ఆ గీతకు మరో సెంటీమీటరు అవతల గోడ లేపండి. ఎత్తు విషయంలో, పైన కరెంటు తీగ చూపించే లేఅవుట్ అయితే పాంటోగ్రాఫ్‌ను (ఇంజన్ పైన తీగను తాకే చట్రాన్ని) పైకెత్తి కొలవాలి.

రంగులు, గడ్డి అన్నీ అయ్యాక రెండు రోజులు ఆరనిచ్చి, ఊడిన పొట్టు, మట్టి మెత్తటి బ్రష్‌తో పట్టాల మీదుగా కాకుండా బయటి వైపుకు ఊడ్చేయండి. పట్టాల పైభాగాన్ని స్పిరిట్ తడిపిన గుడ్డతో తుడిచి, అయస్కాంతాన్ని ఇంకోసారి లైన్ పొడవునా తిప్పి, ముందు ఇంజన్ లేకుండా ఒక పెట్టెను చేత్తో తోసుకుంటూ కొండ చుట్టూ తీసుకెళ్లండి. ఎక్కడైనా గోడ తగిలితే ఆ చోట లప్పాన్ని ఉప్పుకాగితంతో రెండు నిమిషాల్లో అరగదీయవచ్చు.